త్యాగరాయ కృతియు ప్రోగ్రెసివ్ రాక్ సంగీతమును: తల్లిదండ్రులకొక పాఠము



ప్రతి సంవత్సరము ఈ సంచికలో మా పేర వచ్చు వ్యాసము హాజరుపట్టీనిగూర్చియో, పరీక్షాఫలితములనుగూర్చియో యుండుట మీరెరుగుదురు. ఈ యేడు విషయము మార్చితిమి. అందులకు కారణము మా బల్ల సొరుగులో మూడుదినములుండిన యొక ఫోను. ఆ ఫోను మాకొక పాఠము నేర్పెను. నేర్చిన పాఠమును పదుగురికి చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము గనుక దానిని మీ ముందుంచుచున్నాము. మేము సంగీతము నభ్యసించినవారము కాము. చిన్ననాట రేడియో వినినవారము. ఈ యేడాదిగా ఒక క్రొత్త సంగీతమునకు అభిమానులమైనవారము. ఇందలి యభిప్రాయములు అట్టి యభిమానివిగా మాత్రమే గ్రహింప మనవి.

1. ఫోను వృత్తాంతము

గత విద్యాసంవత్సరమున ఒకనాటి మధ్యాహ్నవిరామసమయమందు పదవ తరగతి బాలుడొకడు మెట్లమీద కూర్చుండి, చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని, కన్నులు మూసి తల యూపుచుండెను. సమీపింపగా గిటారుల మ్రోతయు డ్రమ్ముల దెబ్బలును మాకును వినవచ్చెను. పాఠశాలలో ఫోను కూడదని నియమము. దానిని తీసికొని సొరుగులో పెట్టి తాళము వేసితిమి. అంతటితో నాగినచో బాగుండెడిది. "ఈ గోల వినుటకేనా మీ నాయన రాత్రిపాళి చేసి ఫోను కొన్నది?" అని పదిమంది పిల్లల యెదుట మందలించితిమి. బాలుడు తల వంచుకొని, "అది తెలుగు పాట సార్" అనెను. బొంకుచున్నాడని తలచితిమి.

మూడవనాడు తండ్రి వచ్చెను. రాత్రియంతయు సాంచాలు నడిపి, ఇంటికి పోక నేరుగా వచ్చినవాడు. చొక్కామీద నూలుపీచు అంటియుండెను. ఇరువది యేండ్లు సాంచాల నడుమ పనిచేసినందున ఆయనకు వినికిడి తగ్గినది, గట్టిగా మాటాడవలయును. ఆయన వచ్చిన పని ఫోను ఒక్కటియే కాదు. రెండవ తరగతిలోని కుమార్తెను వేరొక మాధ్యమపు పాఠశాలకు మార్పదలచి ధ్రువపత్రము కొరకును వచ్చియుండెను. ఆ సంగతి చివర చెప్పెదము.

ఫోను తిరిగి యిచ్చుటకు ముందు, "ఆనాడు నీవు వినిన పాట పెట్టుము" అని బాలునితో నంటిమి. పెట్టెను. గిటారు మ్రోగెను, డ్రమ్ములు మ్రోగెను. వాని నడుమనుండి త్యాగరాజస్వామివారి హంసనాదరాగకృతి "బంటురీతి" వినవచ్చెను. చిన్ననాట మా యింటి రేడియోలో పలుమార్లు వినిన కృతి యది. బాలుడు పలికినది నిజమే. మేము సిగ్గుపడితిమి.

బాలుడు గెలిచితినను మొగము పెట్టలేదు. ఒక ప్రశ్న యడిగెను. "సార్, పాట బాగుంది కాని మాటలు తెలియవు. ఫోనులో ఇంగ్లీషు అర్థం చూశాను, అదీ సగమే తెలిసింది. మీరు చెప్తారా?" తెలుగు బాలుడు, తెలుగు పాఠశాలలో పదవ తరగతి చదువుచున్నవాడు, తెలుగు కృతికి అర్థమును ఇంగ్లీషులో వెదకికొనెను. ఆ మాట మాకు ములుకువలె నాటుకొనెను.

వెంటనే వివరింప మొదలిడితిమి. "కొలువు" అను పదమునొద్దకు వచ్చి, రాజాస్థానమున సేవ, సభయందు పరిచర్య అని బిగ్గరగా గ్రంథభాషలో చెప్పుచుండగా తండ్రి మధ్యలో అందుకొని, "కొలువంటే నౌకరి గద సారూ! దేవుని దగ్గర నౌకరి అడుగుతున్నడు" అనెను. మా నాలుగు వాక్యములకంటె ఆ యొక్క మాట బాలునికి చక్కగా బోధపడెను. ఆనాటినుండి ఈ సంగీతమును విడువక వినుచున్నాము.

2. ప్రోగ్రెసివ్ రాక్ అన నేమి?

రాక్ సంగీతము అనగా ఎలక్ట్రిక్ గిటారు, బేసు గిటారు, డ్రమ్ములు ప్రధానముగా మ్రోగు పాశ్చాత్య జనరంజక సంగీతము. సామాన్యముగా అట్టి పాట మూడు నాలుగు నిమిషములలో ముగియును. నాలుగు మాత్రల లయలో నడచును. 1960వ దశాబ్దపు చివర ఇంగ్లండు దేశమున కొందరు యువకులు ఈ హద్దులు చాలవని తలచిరి. పాటను దీర్ఘముగా పెంచిరి. నడుమ లయలను మార్చిరి. తమ దేశపు శాస్త్రీయసంగీతమునుండియు జాజ్ సంగీతమునుండియు పోకడలను తెచ్చిరి. దానికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు వచ్చెను. కింగ్ క్రిమ్సన్ అను బృందము 1969లో వెలువరించిన తొలి ఆల్బము ఈ శాఖకు తొలిమెట్లలో నొకటిగా పరిగణింపబడుచున్నది. యెస్ అను బృందము 1972లో వెలువరించిన "క్లోజ్ టు ది ఎడ్జ్" అను పాట పదునెనిమిది నిమిషములకు పైబడినది. నాటి గ్రామఫోను రికార్డులో ఒక ప్రక్కయంతయు ఆ యొక్క పాటయే.

ఇది విని ఆశ్చర్యపడవలసిన పని లేదు. మన కచేరీలో రాగము, తానము, పల్లవి యని గంటసేపు సాగు ప్రక్రియ తరతరములుగా నున్నదే. ఒక భావమును నెమ్మదిగా విప్పి, మలుపులు త్రిప్పి, మరల మొదటికి తెచ్చు నేర్పు మనకు క్రొత్త కాదు. అందుచేతనే ఈ సంగీతము కొంతకాలము వినిన పిమ్మట మన చెవికి పరాయిదిగా తోచదు.

పాత రచనను క్రొత్త వాద్యములపై నెక్కించుటయు ఈ శాఖలో మొదటినుండి యున్నదే. రష్యాదేశపు స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానో కొరకు రచించిన "పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్" అను కృతిని ఎమర్సన్, లేక్, పామర్ అను ముగ్గురి బృందము 1971లో ఎలక్ట్రిక్ వాద్యములతో పాడి ఆల్బముగా వెలువరించెను. తమ పెద్దల సొత్తును తమ కాలపు వాద్యముతో పలికించుకొనుట వారి యుద్దేశము. త్యాగరాయ కృతికి జరిగినదియు ఇట్టిదే.

3. సాంచాలు నేర్పు లయ

ఇచట మన యూరి బిడ్డలకు ఒక సౌలభ్యము కలదు. పుట్టినది మొదలు వారు లయ నడుమ నున్నవారు. సాంచ యొక్కసారి త్రిప్పుటలో మూడు పనులు జరుగును: పడుగు రెండుగా విడివడి దారి యిచ్చును, నాడె ఆ దారిలో దూకి పేకను లాగుకొనిపోవును, పన్నె ముందుకు వచ్చి పేకను బిగించి కొట్టును. విప్పుట, దూకుట, కొట్టుట యను ఈ మూడును నిమిషమునకు నూరుసార్లకు పైగా జరుగుచుండును.

పింక్ ఫ్లాయిడ్ అను బృందము 1973లో "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" అను ఆల్బమును వెలువరించెను. అందులో "మనీ" అను పాట కలదు. దాని యారంభమున వాద్యమేదియు లేదు. నాణెములు గలగలలాడుట, కాగితము చింపుట, దుకాణపు గల్లాయంత్రము టింగుమనుట మొదలగు ధ్వనులను టేపుమీద అతికి త్రిప్పిరి. ఆ ధ్వనులే లయగా నిలువ, దానిమీద బేసు గిటారు ఏడేసి మాత్రల వరుస నెత్తుకొనును. వ్రేళ్లతో లెక్కింపుడు: తకిట తకధిమి, తకిట తకధిమి. మూడును నాలుగును ఏడు. మన మిశ్రచాపుతాళము నెరిగినవారికి ఈ నడక పరిచితముగా తోచును. యంత్రపు చప్పుడు సంగీతము కాగలదని ఆ పాట మాకు తెలిపెను. నాటినుండి పాఠశాలప్రక్క షెడ్డు చప్పుడు వినబడినప్పుడు మా విసుగు కొంత తగ్గినది.

మరియొక సంగతి. ప్రక్కప్రక్కనున్న రెండు సాంచాలు సరిగా ఒకే వేగమున నడువవు. ఒకటి నిమిషమునకు 120 మార్లు, రెండవది 121 మార్లు కొట్టెననుకొందము. మొదట రెండు దెబ్బలును కలిసి పడును, క్రమముగా విడివడును, ఒక నిమిషము గడచిన పిమ్మట మరల కలిసి పడును. రాత్రిపాళివారు దీనిని వినియే యుందురు. కింగ్ క్రిమ్సన్ బృందమువారు 1981లో వెలువరించిన "డిసిప్లిన్" అను ఆల్బములో రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ అను ఇరువురు గిటారువాదకులు ఈ చమత్కారమునే సాధించిరి. ఇరువురును ఒకే వరుసను మొదలిడుదురు. ఒకరి వరుసలో ఒక స్వరము తక్కువగుటచే ఇద్దరును విడిపోవుచు మరల కలియుచుందురు. ఒక వరుస 14 స్వరములు, రెండవది 13 స్వరములు అయినచో మరల మొదటివలె ఎప్పుడు కలియును? కనిష్ఠ సామాన్య గుణిజము కట్టుడు: 14ను 13తో గుణింపగా 182. ఆరవ తరగతి గణితములో క.సా.గు. ఎందులకని యడుగు పిల్లలకు ఇకమీద ఈ సమాధానము చెప్పెదము.

4. పాలకొల్లు బాలుడును ఇంగ్లండు గిటారువాదకుడును

ఈ పాశ్చాత్యసంగీతమునకును మన సంగీతమునకును చుట్టరికము కలిపినవారిలో జాన్ మెక్‌లాఫ్లిన్ ముఖ్యుడు. ఈయన 1942లో ఇంగ్లండునందలి యార్క్‌షైరులో జన్మించెను. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా యను బృందమును స్థాపించి, జాజ్‌కును రాక్‌కును నడుమ మన తాళగణితమును పోలిన కఠినమైన లయలతో సంగీతము సాగించెను. పిమ్మట వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, ఘటవిద్వాంసుడు విక్కు వినాయకరామ్ గార్లతో కలిసి "శక్తి" యను బృందమును నడిపెను. దాని తొలి ఆల్బము 1976లో వెలువడెను.

తెలుగువారు గర్వింపదగిన విషయము దీని తరువాతిది. ఆ బృందమే 1990వ దశాబ్దపు చివర "రిమెంబర్ శక్తి" యను పేర మరల లేచినప్పుడు అందు మాండొలిన్ వాయించినవారు ఉప్పలపు శ్రీనివాస్ గారు. 1969లో పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిరి. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున, తొమ్మిదేండ్ల ప్రాయమున, తొలి కచేరీ చేసిరి. మాండొలిన్ పాశ్చాత్యవాద్యము, ఎనిమిది తీగెలది. శ్రీనివాస్ గారు అయిదు తీగెల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టి గమకములను పలికించిరి. కర్ణాటకసంగీతమునకు ఇది తగదన్నవారుండిరి. వినిన పిమ్మట వారిలో పలువురు మెచ్చుకొనిరి. 1998లో పద్మశ్రీ పురస్కారము లభించెను. 2014లో నలువదియైదేండ్లకే గతించుట మన దౌర్భాగ్యము. రిమెంబర్ శక్తి బృందపు కచేరీ యొకటి 2000వ సంవత్సరము డిసెంబరులో మన ప్రక్కనున్న ముంబయిలోనే ముద్రితమై, "సాటర్‌డే నైట్ ఇన్ బాంబే" యను పేర 2001లో వెలువడెను. మనము సాంచాల నడుమ నుండగా ఇంత దగ్గర ఒక తెలుగుబిడ్డ ప్రపంచమునకు వినిపించిన సంగీతమిది. మాకీ విషయము ఇరువది యేండ్లు దాటిన పిమ్మట తెలిసెను.

5. బెంగుళూరు బృందము

ఆనాడు బాలుని ఫోనులో మ్రోగినది "అగం" అను బెంగుళూరు బృందపు పాట. తండ్రికి ఆ పేరు చెప్పగా నవ్వి, "ఆగమాగం లెక్కనే ఉన్నది సారూ ఆ డ్రమ్ములు!" అనెను. తెలంగాణమున ఆగమనగా అస్తవ్యస్తము గదా! తమిళమున అగమనగా లోపలిది, అంతరంగము. పేరులో హ్రస్వము దీర్ఘమైనచో అర్థమెట్లు తలక్రిందులగునో చూడుడు.

ఈ బృందము 2003లో ఏర్పడెను. సభ్యులలో పలువురు సాఫ్ట్‌వేర్ మొదలగు ఉద్యోగములు చేయుచునే సంగీతమును సాగించినవారు. గాయకుడును వయొలిన్ వాదకుడును అగు హరీష్ శివరామకృష్ణన్ గారు కేరళమువారు. తమ సంగీతమును వారు కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అని పిలుచుకొందురు. తొలి ఆల్బము "ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్" 2012లో వచ్చెను. అందలి "స్వాన్స్ ఆఫ్ సరస్వతి" యను పాటయే మన "బంటురీతి". సరస్వతి హంసలని పేరిడుట హంసనాదరాగమును పురస్కరించుకొని యని మా యూహ. రెండవ ఆల్బము "ఎ డ్రీమ్ టు రిమెంబర్" 2017లో వచ్చెను. అందు నలినకాంతిరాగములోని త్యాగరాయ కృతి "మనవ్యాలకించరాదటే" కలదు.

ఇచట ఒక్కక్షణము నిలిచి యోచింపవలయును. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో జన్మించి, 1847లో తిరువయ్యారులో సిద్ధిపొందిరి. ఇంటిపేరు కాకర్ల. పూర్వులు ఆంధ్రదేశమునుండి తమిళసీమకు వలసపోయినవారు. అనగా నేటి మాటలో చెప్పవలెనన్న ఆయనయు భాషాల్పసంఖ్యాకుడే. వీథిలో తమిళము, ఇంట తెలుగు. మన పిల్లలకు వీథిలో మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంట తెలుగు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గము నమ్ముకొని భివండీకి వచ్చిన కుటుంబముల స్థితియు ఇట్టిదే. పరాయి నేలమీద ఇంటిలో నిలుపుకొనిన భాషలో ఆయన పాడిన పాటలను నేడు కేరళపు గాయకుడు కన్నడదేశమున గిటారులతో పాడగా మరాఠీదేశమున మన బాలుడు వినుచున్నాడు. ఇందరిని దాటి వచ్చిన పాట మన గుమ్మమునొద్దకు వచ్చి, అర్థము తెలియక నిలిచిపోయినచో లోపమెవరిది?

6. మాటల పాఠము

ఇక అసలు పాఠమునకు వత్తము. మొదట "బంటురీతి" యందలి కొన్ని పదములు.

బంటు అనగా సేవకుడు, యోధుడు. బంట్రోతు అను మాట దీనినుండి వచ్చినదే. కొలువు అనగా తండ్రి చెప్పినట్లు నౌకరి. తెలంగాణమున సర్కారు కొలువనుట నేటికిని వాడుక. బిళ్ళ అనగా పూర్వము కచేరీ జవానులు అడ్డపట్టెమీద ధరించు ఇత్తడి గుర్తు. వాడెవరి మనిషియో దానిచే తెలియును. ఈ మూడు పదములు తెలిసినచో కృతియంతయు విప్పారును. ఒక మనిషి శ్రీరాముని ద్వారమున నిలిచి బంటు కొలువు ఇమ్మని వేడుచున్నాడు. లోనున్న కామము, మదము మొదలగు శత్రువులను పడగొట్టుట తన పని. భక్తిచే ఒడలు గగుర్పొడుచుటయే తన కవచమనియు, తానెవరి భక్తుడో తెలుపు పేరే తన బిళ్ళ యనియు, స్వామినామమే తన కత్తి యనియు విన్నవించుచున్నాడు. యుద్ధమునకు పోవు బంటు పాటకు డ్రమ్ముల దెబ్బ తగదని ఎవరనగలరు?

రెండవది "మనవ్యాలకించరాదటే". ఈ మాటను పలువురు మనవ్యా, లకించ అని విరిచి పలుకుదురు. తెలుగు తెలిసినవానికి ఆ విరుపు పంటిక్రింది రాయివలె తగులును. మనవి, ఆలకించ అను రెండు పదములు కలిసి మనవ్యాలకించ అయినవి. ఇకారము యకారముగా మారినది. అతి, ఆశ కలిసి అత్యాశ యగునట్లే. చివరనున్న టే అను చనువు పిలుపును గమనింపుడు. మన యిండ్లలో అక్క చెల్లెలిని, తల్లి కూతురిని పిలుచు పిలుపది. త్యాగరాజు పిలుచుచున్నది తన మనస్సునే. మర్మము చెప్పెదను, నా మొర వినరాదా యని మనస్సును చెలికత్తెవలె బుజ్జగించుచున్నాడు. కర్మకాండమునకు లోబడి సంసారారణ్యమున తిరిగి బాధపడువారిని చూచి రాముడు మనుష్యుడై వచ్చి నడవడి చూపెనని ఆ మర్మము. ఇంగ్లీషు అర్థములో మనస్సు అను మాట వచ్చును గాని, ఈ టే అను చనువు రాదు. అది వినుటకు ఇంటిలో తెలుగు ఉండవలయును. రెండు కృతులలోను మాకు ఇదియే ప్రియతరము.

7. ఆక్షేపణలును మా యభిప్రాయములును

పవిత్రమైన కృతిని గిటారుతో పాడుట అపచారమని పెద్దలు కొందరు మాతో ననిరి. వారికి మా మనవి యొక్కటియే. నేడు ప్రతి కచేరీలో కూర్చుండు వయొలిన్ యూరపు వాద్యము. త్యాగరాజస్వామి జీవించియున్న కాలముననే, ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దానిని దొరల బ్యాండునుండి గ్రహించి మన సంగీతమున ప్రవేశపెట్టిరి. నేడు దానిని పరాయిదని ఎవరందురు? మన తాతలు చేమగ్గమునుండి సాంచకు వచ్చిరి. మగ్గము మారినంతమాత్రమున పడుగు పడుగు కాకపోలేదు. ఇచట కృతి పడుగు. గిటారు, డ్రమ్ములు పేక. పడుగు తెగకుండ చూచుకొనినచో పేక ఏ రంగుదైనను గుడ్డ నిలుచును.

అయినను లోపములు లేవని మేము చెప్పము. డ్రమ్ములు హెచ్చినప్పుడు సాహిత్యము మునిగిపోవును. ప్రోగ్రెసివ్ రాక్ బృందములలో కొన్ని తమ నేర్పును ప్రదర్శించుటకే పాటను సాగదీయును. పదునెనిమిది నిమిషములలో ఆరు నిమిషములు వ్యర్థమని తోచిన పాటలును వింటిమి. నిడివి గొప్పతనము కాదు. త్యాగరాజస్వామి ఒక పల్లవిలో చెప్పిన దానిని కొందరు ఒక ఆల్బములో చెప్పలేకపోయిరి.

చెవిని గూర్చి ఒక హెచ్చరిక. 85 డెసిబెల్లుల ధ్వనిలో దినమునకు 8 గంటలు మించి యుండరాదనియు, ప్రతి 3 డెసిబెల్లులు పెరిగినప్పుడు ఆ కాలము సగమగుననియు ఆరోగ్యశాస్త్రజ్ఞుల సూచన. అనగా 88 వద్ద 4 గంటలే. నాడె సాంచాల షెడ్లలో ధ్వని తరచుగ 90 దాటును. ఆ నష్టము తండ్రులు అనుభవించుచున్నారు. ఇయర్‌ఫోను ధ్వనిని హద్దు మీరి పెంచినచో బిడ్డయు అదే నష్టమును కొనితెచ్చుకొనును. ప్రక్కవాని మాట వినబడునంత ధ్వనియే చాలును.

8. ఇంటివద్ద చేయవలసిన పని

వారమున ఒక సాయంత్రము పావుగంట చాలును.

ఒకటి: బిడ్డ వినుచున్న పాటను ఇయర్‌ఫోను తీసి పైకి పెట్టుమనుడు. అది ఏ పాటయైనను ముందుగా మందలింపకుడు. మేము చేసిన తప్పు మీరు చేయవలదు.

రెండు: మొదటిసారి లయను మాత్రము లెక్కింపుడు. నాలుగా, అయిదా, ఏడా? బిడ్డ ముందుగా కనుగొనిన యెడల ఓడిపోయితిమని యొప్పుకొనుడు.

మూడు: రెండవసారి వాద్యములను గుర్తింపుడు. గిటారు ఎచట గొంతును అనుసరించినది? ఎచట విడిపోయినది? ఎచట మరల కలిసినది?

నాలుగు: తెలుగు పాటయైనచో మూడవసారి మాటలను కాగితముమీద తెలుగులిపిలో వ్రాయింపుడు. తెలియని పదమునకు గీత గీయుడు. నిఘంటువుకంటె ముందు ఇంటిలోని నాయనమ్మను, తాతను అడుగుడు. వారికిని తెలియనిచో ఆ కాగితమును బిడ్డచేత మా వద్దకు పంపుడు.

అయిదు: అదే కృతిని సంప్రదాయకచేరీలో పాడినదియు వినిపింపుడు. ఏది బాగున్నదని తగవులాడుకొనుడు. తెలుగులో తగవులాడుకొనుట చాలును. తీర్పు మాకు పంపనక్కరలేదు.

9. ముగింపు

1956లో రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్యను మాతృభాషలో గరపు సౌకర్యము కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలయునని చెప్పుచున్నది. ఆ సౌకర్యమును వినియోగించుకొనుటయో, విడిచిపెట్టుటయో మీ చేతిలోనున్నది. తెలుగు చదివిన ఉద్యోగమేమి వచ్చునని మీరడుగుట న్యాయమే. మరాఠీయు ఇంగ్లీషును బిడ్డకు తప్పక రావలయును. అందుకు మేము పాటుపడుచున్నాము. అయితే తన భాషలోని పాటకు ఇతరులు వేసిన ఇంగ్లీషు అర్థమును చదివి, అదియు సగమే తెలిసి కూర్చుండు బిడ్డకు మరొక భాష యెంత వచ్చినను ఆ సగము లోటు తీరదు. అట్టి లోటు మా పాఠశాలలోనే కనబడినదని, అందు మా పాలును కలదని ఒప్పుకొనుచున్నాము. గద్యపద్యముల పరీక్షకు సిద్ధపరుచుటయే తెలుగు నేర్పుట యనుకొని యుంటిమి. ఈ యేడు మొదలుకొని శనివారము చివరి తరగతిలో ఒక పాట విని, దాని మాటలను విప్పి చెప్పు పాఠము నడుపుచున్నాము.

ఆ బాలుడు పదవ తరగతి ముగించి కళాశాలకు పోయెను. అప్పుడప్పుడు పాటలు పంపుచుండును. క్రింద గీత గీసిన పదములును పంపుచుండును. ఆనాడు తండ్రి, కుమార్తె ధ్రువపత్రమునకు వ్రాసి తెచ్చిన అర్జీని జేబులోనుండి తీసి మా బల్లమీద పెట్టెను. పాట ముగిసిన పిమ్మట మరల మడిచి జేబులో పెట్టుకొని వెడలిపోయెను. ఆ చిన్నది ఇప్పుడు మా మూడవ తరగతిలో నున్నది. ఆయన కారణము చెప్పలేదు, మేము నడుగలేదు.